ద్రావణి లేని జిగురు – ఎవరికి లాభం, ఎవరికి నష్టం?

మన విద్యార్థి సంఘం సావనీరుకు "పరిశ్రమల్లో మీ అనుభవం గూర్చి ఏదైనా రాయండి" అని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, నేను రాయగలిగింది ఒక్క జిగురు గురించే అని చెప్పాను. ఫోనులో అవతలి కుర్రవాడు కాసేపు మాట్లాడలేదు. "జిగురంటే... బంకాండీ?" అన్నాడు. అవును నాయనా, బంకే. ఇరవై రెండేళ్ళుగా ఆ బంకతోనే నా జీవనం. విజ్ఞానశాస్త్ర విద్యార్థులు కానివారు పేజీ తిప్పేయబోయే ముందు ఒక్కమాట: ఇందులో సూత్రాలు తక్కువ, ఒక మనిషి కాళ్ళ సంగతి ఎక్కువ.

మాది పోలవరం. పాపికొండల మధ్య ఇరుకున పడి వచ్చిన గోదావరి ఒళ్ళు విరుచుకుని వెడల్పయ్యే చోట, కుడిగట్టు మీద వున్న ఊరు. మా చిన్నతనంలో మూడు రకాల బంకలు వుండేవి. పుస్తకాలకు అట్టలు వేసుకోవడానికి తుమ్మబంక నీళ్ళలో నానబెట్టి సీసాలో పోసుకునేవాళ్ళం. అది అయిపోతే బంక నక్కెర కాయ చిదిమి, లోపలి గుజ్జుతో కాయితాలు అంటించేవాళ్ళం. మూడోది పెద్దపిల్లల వ్యవహారం. మర్రిపాలు పట్టి, కాస్త నూనె వేసి కాచి, పుల్లలకు పూసి, పిట్టలు వాలేచోట గుచ్చేవారు. పాపమే, కాదనను. మొదటి రెండు బంకలూ ఆరితేనే పట్టు. మూడోది ఆరదు. రోజులు గడిచినా వేలు పెడితే వేలికి అంటుకుంటుంది. ఆ తేడా ఏమిటో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివినప్పుడు కూడా నాకు బోధపడలేదు. టేపుల ఫ్యాక్టరీలో చేరిన తర్వాత తెలిసింది, మా బతుకంతా ఆ మూడోరకం బంక మీదేనని.

ఎండబెట్టనక్కర లేకుండా, కాచనక్కర లేకుండా, వేలితో ఒత్తితే చాలు అంటుకునే జిగురును ఇంగ్లీషువాళ్ళు ప్రెషర్ సెన్సిటివ్ అడ్హెసివ్ అన్నారు. తెలుగులో ఏ పండితుడైనా దీనికి 'పీడన సంవేదక ఆసంజకం' అని పేరు పెట్టివుంటే వారికి నమస్కారం. నేను మాత్రం 'ఒత్తుడు జిగురు' అంటాను. అట్టపెట్టె మీద గోధుమరంగు టేపు, మందుసీసా మీద లేబిలు, పుండు మీద ప్లాస్టరు, కరెంటు తీగెకు చుట్టే నల్లటేపు, కారుకు రంగు కొట్టేటప్పుడు అద్దాల చుట్టూ అంటించే కాగితపు టేపు, అన్నిటి వెనకా వున్నది ఇదే.

ఇది పూర్తిగా ద్రవమూ కాదు, ఘనమూ కాదు. నెమ్మదిగా ఒత్తితే ద్రవంలా పారి అట్ట మీది ఎగుడుదిగుళ్ళలోకి దూరుతుంది. గబుక్కున లాగబోతే ఘనంలా బిగుసుకుంటుంది. అందుకని దీనికి మూడు పరీక్షలు పెడతారు: తాకగానే అంటుకుంటుందా, ఊడలాగితే ఎదురు తిరుగుతుందా, బరువు వేలాడదీస్తే జారకుండా నిలుస్తుందా అని. మూడింటినీ ఒకేసారి పెంచటం మహా కష్టం. అంటు పెంచితే జారుతుంది, జారకుండా గట్టిచేస్తే అంటదు. 1960లలో అమెరికాలోని త్రీఎమ్ కంపెనీ శాస్త్రవేత్త కార్ల్ డాల్‌క్విస్ట్, జిగురు ఎంత మెత్తగా వుంటే ఆ అంటు పుడుతుందో దానికొక హద్దు లెక్కకట్టి చెప్పాడు. మా వృత్తిలో వాళ్ళమంతా ఆ హద్దుకి అటో ఇటో తచ్చాడేవాళ్ళమే.

ఈ జిగురు పాతదే. 1845లోనే అమెరికాలో రబ్బరు కలిపిన వైద్యపు ప్లాస్టరుకు పేటెంటు వచ్చింది. 1925లో అదే త్రీఎమ్ కంపెనీలో రిచర్డ్ డ్రూ అనే కుర్రవాడు కార్లకు రెండురంగులు వేసే పనివాళ్ళ అవస్థ చూచి మాస్కింగ్ టేపు తయారుచేశాడు. 1930కల్లా పారదర్శకమైన సెల్లోఫేన్ టేపూ వచ్చింది. వాటితో పాటు ఒక పద్ధతి స్థిరపడింది. రబ్బరును రోల్ మిల్లులో నలిపి మెత్తన చేసి, టోలీన్‌లోనో హెక్సేన్‌లోనో కరిగించి, చెట్టుబంక లాంటి రెజిన్ కలిపి, పాకంలా చేసి, కాగితం మీదా ఫిల్ము మీదా పూసి, పొడుగాటి ఓవెనులో నడిపిస్తారు. ఓవెను అవతల నుంచి వచ్చేసరికి ద్రావణి ఎగిరిపోయి జిగురు మిగులుతుంది. వంద కిలోల పాకంలో అరవై డెబ్బై కిలోలు ఎగిరిపోవటానికే పోసింది. ఎక్కడికి ఎగిరిపోతుంది? పెద్ద కంపెనీల్లో అయితే ఉత్తేజిత బొగ్గు నింపిన స్తంభాల్లో పట్టి, తిరిగి ద్రవం చేసి వాడుకుంటారు. చిన్న యూనిట్లలో అయితే ఆకాశంలోకి, దానికంటే ముందు పనివాడి ముక్కులోకి.

నేను 2003లో హైదరాబాదు శివార్లలో చేరిన యూనిట్ ఈ రెండోరకానిది. పేరు చెప్పను, అట్లాంటివి దేశంలో ఎన్నో. మిక్సింగు గదిలో పనిచేసేందుకు మావైపు నుంచే ఒకాయన వచ్చారు. పోలవరానికి ఎగువన గోదావరి ఒడ్డు పల్లె ఆయనది. 2004లో ప్రాజెక్టు పనులు మొదలయ్యాక, ఇవాళ కాకపోతే రేపైనా ఊరు ఖాళీ చెయ్యక తప్పదని ముందుగానే పట్నం చేరినవాళ్ళలో ఆయనొకరు. నాకన్నా పదేళ్ళు పెద్ద. నేను అన్నయ్యా అనేవాణ్ణి, ఆయన తమ్ముడూ అనేవారు. పడవ నడిపిన చేతులు. డ్రమ్ములు దొర్లించటంలో ఆయనకు సాటి లేదు. టోలీన్ వాసన తల తిప్పేస్తోందని అందరూ గొడవచేస్తే, యాజమాన్యం వారు హెక్సేన్ వైపు మొగ్గారు. వాసన తక్కువ, తొందరగా ఆరుతుంది, ధర కూడా కలిసొచ్చింది. అందరం సంతోషించాం. అన్నయ్య దాంతోనే రోలర్లు తుడిచేవారు, దాంతోనే చేతులు కడుక్కునేవారు. వద్దని నేను గట్టిగా చెప్పలేదు. ఆ మాట ఇక్కడ దాచటం దేనికి?

2010లో ఒకరోజు భోజనాల వేళ ఆయన ఒక్క చెప్పుతో నడిచి వచ్చారు. రెండోది వెనక మెట్ల దగ్గర పడివుంది. "అన్నయ్యా, చెప్పేదీ?" అంటే కిందికి చూసుకున్నారు. "ఉందనుకున్నాను తమ్ముడూ. ఈ మధ్య కాళ్ళకి చెప్పులున్నాయో లేవో తెలియట్లేదు" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆస్పత్రికి తీసుకువెళ్తే, పాదాలూ వేళ్ళూ పొడిచి చూసిన డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "ఏం పనిచేస్తావయ్యా?" అని. "జిగురు కలుపుతానండి." ఆ జవాబుతో ఆయనకు సగం విషయం అర్థమైపోయింది.

హెక్సేన్ శరీరంలోకి పోయి 2,5-హెక్సేన్‌డయోన్ అనే పదార్థంగా మారుతుంది. అది నరాల మీద, ముఖ్యంగా పొడుగాటి నరాల మీద పనిచేస్తుంది. అందుకనే మొదట పాదాలు, తర్వాత చేతివేళ్ళు. 1960లలో జపానులో ఇళ్ళలో కూర్చుని చెప్పులంటించే కూలీలకు ఇదే జబ్బు గుంపులు గుంపులుగా వచ్చింది. ఇటలీ బూట్ల పనివాళ్ళకూ వచ్చింది. అంటే మా అన్నయ్యకు జరిగింది కొత్త సంగతేమీ కాదు. నలభై ఏళ్ళ నుంచి పుస్తకాల్లో వున్న సంగతి మా మిక్సింగు గది దాకా రాలేదు, అంతే.

ఈ జబ్బులో ఇంకొక మెలిక వుంది. పని మాన్పించిన తర్వాత కూడా కొన్నినెలలు అది ముదురుతూనే వుంటుంది, ఆ తర్వాతే తిరుగుముఖం పడుతుంది. అన్నయ్యను ప్యాకింగులోకి మార్చాం. రెండు నెలల్లో ఆయన నడక మరీ తడబడింది. "ఆ గదిలో వున్నన్నాళ్ళూ బాగానే వున్నాను తమ్ముడూ, ఇక్కడికి తెచ్చాకే పాడయ్యాను, నన్ను మళ్ళా అక్కడే వెయ్యండి" అని బతిమిలాడారు. శాస్త్రం చదివిన నేను ఆ మాటకు నమ్మకం కుదిరేలా జవాబు చెప్పలేకపోయాను.

దీనికితోడు నిప్పు భయం. టోలీన్ నాలుగు డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరే మండగల ఆవిరినిస్తుంది. మన ప్రాంతంలో అంత చలి ఏనాడూ వుండదు కదా. గాలిలో నూటికి ఒక పాలు దాటి కొంచెం వుంటే చాలు, నిప్పురవ్వ పడితే అంటుకుంటుంది. ఫిల్ము రోలు గిర్రున తిరుగుతుంటే పుట్టే స్థిరవిద్యుత్తు చాలు ఆ నిప్పురవ్వకు. మా కోటింగ్ మిషను దగ్గర రాత్రి షిఫ్టులో ఎవరూ నైలాను చొక్కా వేసుకోకూడదనేది నియమం.

ఇంత జరిగాక 2011లో మా యూనిట్ ద్రావణి లేని పద్ధతిలోకి మారింది. అన్నయ్య కాళ్ళు చూసి మారిందని అనుకుంటే బాగుండును. నిజానికి ఇన్సూరెన్సు ఖర్చూ ద్రావణి ధరా లెక్కవేసి మారారు. ఏమైతేనేం, మారారు. సాల్వెంట్ లేదు కనుక ఇక సుఖమే అనుకున్న నాకు అసలు పాఠాలు అక్కడ మొదలయ్యాయి.

ద్రావణి లేని దారులు ముఖ్యంగా రెండు. అతినీలలోహిత కిరణాలతో గట్టిపరిచేది మూడోదొకటి వుంది గాని ఇంకా ఖరీదైన వ్యవహారం, దాన్ని అట్లా వుంచండి. మొదటిది హాట్‌మెల్ట్. స్టైరిన్, ఐసోప్రీన్ అనే రెండు పదార్థాల గొలుసులతో కట్టిన కృత్రిమ రబ్బరును రెజిన్‌తో నూనెతో కలిపి, నూట అరవై నూట ఎనభై డిగ్రీల దగ్గర కరిగించి వేడివేడిగా పూస్తారు. చల్లారితే చాలు, జిగురు తయారు. నూటికి నూరుపాళ్ళు జిగురే, ఎగిరిపోయేది ఏమీ లేదు. మా ఊరి మర్రిపాల బంక కాచి పూయటం గుర్తుందా? సూత్రం అదే. పొడుగాటి ఓవెను అక్కరలేదు, మిషను మూడువంతుల చోటు ఖాళీ చేసేసింది, వేగం పెరిగింది. గదిలోకి వెళ్తే తల తిరగదు. ఆ మొదటి వారం మా వాళ్ళు కోటింగు హాల్లో కూర్చుని అన్నాలు తినటం చూస్తే నాకు పండగలా వుండేది.

ఆ పండగ మరుసటి మే నెల దాకానే. 2012 వేసవిలో మామిడిపళ్ళ పెట్టెలకు మా టేపు వాడిన ఒక వ్యాపారి ఫోను చేశారు. రేకు కప్పిన లారీ, పైన ఎండ, రెండురోజుల ప్రయాణం. పెట్టెల మూతల మీది టేపు ఊడలేదు, జారింది. చూస్తే మీకు విచిత్రంగా వుండేది: టేపు అంటుకునే వుంది గాని అంగుళం పక్కకు జరిగి, మూత నోరు తెరిచింది. సగం పళ్ళు పాడు. డబ్బు మేమే కట్టుకున్నాం.

కారణం ఆ జిగురు పుట్టుకలోనే వుంది. స్టైరిన్ ముక్కలు చల్లగా వున్నప్పుడు ముళ్ళు వేసినట్టు గొలుసుల్ని పట్టివుంచుతాయి, వేడికి ఆ ముళ్ళు వదులవుతాయి. వంద డిగ్రీల లోపే పూర్తిగా విడివడే ఆ పట్టు, బరువు పడితే అరవై డెబ్బై దగ్గరే జారటం మొదలవుతుంది. కరిగించి పూయటానికి వీలిచ్చిన గుణమే లారీలో ముంచింది. చలిదేశాల్లో తయారైన లెక్కలు రాజమండ్రి రోహిణికార్తెకు సరిపోవు. పైగా ఆ రబ్బరు ఎండకు పసుపెక్కుతుంది, కాగులో ఎక్కువసేపు వుంటే మాడుతుంది. కరిగిన జిగురు చర్మం మీద పడితే వదలదు. మా కుర్రాడొకడి ముంజేతి మీద ఆ మచ్చ ఇప్పటికీ వుంది.

మే నెల గొడవ తర్వాత యజమాని "పాత మందే నయమయ్యా, హెక్సేన్ తెప్పించు" అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు, జీతాలివ్వాల్సిన మనిషి. కానీ అన్నయ్య అప్పటికి కర్ర లేకుండా నడవటం మొదలుపెట్టారు. ఆరోజు నేను ఉద్యోగం పోయినా సరే అనుకుని వాదించాను. వాదనకు ఆధారం నా మంచితనం కాదు, రెండో దారి ఒకటి వుండటం.

అది నీటి జిగురు. అక్రిలిక్ పాలిమరు బిందువుల్ని నీళ్ళలో పాలలా తేలగొట్టి పూస్తారు. సగానికి పైన జిగురు, మిగిలింది నీరు. (నీరు కూడా ద్రావణే కదా అని లెక్చరర్లు ఎవరైనా చెవి మెలేస్తారేమో, అది వేరే సంగతి. ఇక్కడ పాలిమరు నీటిలో కరగదు, తేలుతుంది.) ఆరిన తర్వాత ఎండకు చలించదు, పసుపెక్కదు, లారీలో జారదు. మనదేశంలో పెట్టెలకు వాడే గోధుమరంగు టేపుల్లో చాలావరకు ఈ రకమే. అదృష్టవశాత్తు మా పాత ఓవెను అమ్మెయ్యలేదు, దాన్ని తుడిచి నిలబెట్టాం.

దీనికీ లోపాలున్నాయి, దాచను. నీటిని ఆవిరిచెయ్యటానికి టోలీన్‌కు కావలసిన వేడికి సుమారు ఆరురెట్లు కావాలి. కరెంటు బిల్లు చూచి యజమాని నన్ను పిలిపించారు. అయితే లెక్క అక్కడితో ఆగదని కాగితం మీద వేసి చూపించాను: ద్రావణి వాడే ఓవెనులో ఆవిరి మండే హద్దులో నాలుగోవంతు దాటకుండా వుండాలని బోలెడు గాలిని వేడిచేసి బయటికి తోలుతుంటారు, ఆ వృథా ఇక్కడ లేదు. జిగురు కిలోకు ఎగరగొట్టాల్సింది కూడా తక్కువే. రెండూ పట్టించుకుంటే తేడా ఆరురెట్లు కాదు. వుంది గాని భరించదగినంత.

అసలు చిక్కు మన డెల్టాలో వచ్చింది. ఆ పాల బిందువులు గడ్డకట్టకుండా సబ్బు లాంటి పదార్థం కలుపుతారు. ఆరిన తర్వాత కూడా ఆ సబ్బు జిగురులోనే వుండి, తేమను పిలుస్తుంది. భీమవరం వైపు రొయ్యల పెట్టెలు చూశారు కదా, మంచు నింపి, చెమటలు కక్కుతూ వుంటాయి. తడి పెట్టె మీద మా నీటి టేపు పెడితే తెల్లబారి, పొద్దుటికి ఊడి వేలాడింది. చల్లదనానికి అక్రిలిక్ బిగుసుకుని అంటటం మానేస్తుంది కూడా. అక్కడ హాట్‌మెల్టే నయం, మొదటి తాకుడుకే పట్టేస్తుంది, మంచులో జారే భయం లేదు. ఇట్లా మామిడికి ఒకటి, రొయ్యకు ఇంకొకటి. రెండు రకాలూ తయారుచేసి, ఏది దేనికో పెట్టె మీద తెలుగులో అచ్చువేయించాలని నేనన్నాను. కొనేవాళ్ళు చదవరు అన్నారు. కొందరు చదివారు.

ఈ నీటి మిషను కడిగిన పాలనీళ్ళ సంగతి కూడా చెప్పాలి. గాలి బాగుపడింది కదా అని ఆ నీళ్ళు కాలవలోకి వదిలితే, ముక్కుకు తప్పిన చెడు చేపకు చుట్టుకుంటుంది. గడ్డకట్టించి, వడగట్టి పంపాలి. అది చెయ్యకుండానే ద్రావణి లేని ఫ్యాక్టరీ అని గేటు మీద బోర్డు పెట్టుకునేవాళ్ళు నాకు తెలుసు.

ఇంకా వెనక్కి వెళ్ళి చూడండి. హాట్‌మెల్ట్‌లో వుండే స్టైరిన్ ఎక్కడిది? 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివారు ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకు నుంచి వెలువడినది స్టైరిన్ ఆవిరే, పన్నెండుమంది చనిపోయారు. అక్కడ తయారయ్యేది పాలీస్టైరిన్, మా జిగురు కాదు. కానీ ముడిసరుకు ఒకటే కుటుంబం. ఆ ఉదయం టీవీ చూస్తూ నాకు తట్టింది: మా హాల్లో గాలి శుభ్రమైంది సరే, గొలుసులో ఇంకెక్కడో ఎవరో ఆ డ్రమ్ము పక్కనే నిద్రపోతున్నారు.

చివరి చిక్కు చెత్తది. పాత కాగితాన్ని నానబెట్టి మళ్ళీ కాగితం చేసే మిల్లువాళ్ళకు ఒత్తుడు జిగురంటే ఒళ్ళుమంట. గుజ్జులో కలిసిన జిగురు రేణువులు వేడి రోలర్ల మీద మెత్తబడి కాగితానికి చిల్లులు పెడతాయి, మిషను ఆపి గోకాలి. ఇక్కడ నేను అనుకున్నదానికి తలకిందులైన సంగతొకటి తెలిసింది. చెడ్డపేరున్న హాట్‌మెల్ట్ పెద్ద పెద్ద ముక్కలుగా వుండి జల్లెడకు దొరుకుతుంది. మంచిపేరున్న నీటి జిగురు సన్నగా చెదిరి జల్లెడ దాటిపోతుంది. లేబుల్ జిగుర్లలో జల్లెడకు చిక్కే రకాలు ఇప్పుడు వస్తున్నాయి గాని, కొనేవాడు అడిగితేనే.

ద్రావణి అవసరం లేని జిగురంటే ఏదో విదేశీ కనిపెట్టుడు అనుకోకండి. మా పోలవరం ఏజెన్సీ కొండల్లో తపసిచెట్టు వుంది. దాని బంకను కొండరెడ్లూ కోయలూ సేకరించి, 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు. బజారులో దాన్ని కరయా అంటారు. పేగు ఆపరేషను అయినవారికి పొట్టమీద సంచీ అంటించవలసి వచ్చినప్పుడు, చర్మం ఒరిసిపోకుండా పట్టివుంచే పదార్థం కోసం అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ డాక్టరు రూపర్ట్ టర్న్‌బుల్ 1950ల మొదట్లో వెతికి పట్టుకున్నది ఈ బంకనే. చర్మం తడికే మెత్తబడి అంటుకుంటుంది. టోలీన్ చుక్క అక్కరలేదు. తర్వాత పెక్టిన్, జెలటిన్ కలిపిన కొత్త జిగుర్లు చాలావరకు దాని చోటు తీసుకున్నాయి. అయితే ఇక్కడా ఒక గాటు వుంది, అక్షరాలా గాటే. ఎక్కువ బంక కోసం గొడ్డలితో లోతుగా నరికితే చెట్టే ఎండిపోతుంది. లోతులేని చిన్నగాటు పెట్టి, అది మానేదాకా ఆగితే చెట్టూ బతుకుతుంది, బంకా శుభ్రంగా వస్తుంది. ఆగటానికి మాత్రం, తీసేవాడికి అందాకా గడిచే ధర రావాలి.

ఇక నా అభిప్రాయం. పెట్టెల టేపుకూ, లేబుళ్ళకూ, పుస్తకాల టేపుకూ టోలీన్, హెక్సేన్ వాడటానికి నాకైతే ఒక్క సమర్థనా కనిపించటం లేదు. వున్నదల్లా అలవాటూ, పాత మిషనూ. కారు రంగుల ఓవెనులోకి పోయే మాస్కింగ్ టేపు, ఇంజను పక్కన తీగెలకు చుట్టేది, వేడిలో ఏళ్ళతరబడి బరువు మొయ్యాల్సినది, ఇట్లాంటి కొన్నింటికి ద్రావణిలో కరిగించి గొలుసులు ముడివేసిన జిగురే ఇంకా గట్టిది. దాన్ని కాదనటం మొండితనం. కానీ అది ఆవిరిని పట్టి తిరిగి వాడుకునే ఏర్పాటు వున్నవాళ్ళే చెయ్యాలి. ఆ స్తంభాలు పెట్టుకునే స్తోమత లేదనేవాళ్ళకు ఆ సరుకు చేసే స్తోమత కూడా లేదనే అర్థం. చిన్న పరిశ్రమల కడుపు కొడుతున్నావని నా మిత్రులు నన్ను తిడతారు. నేనూ చిన్న పరిశ్రమలోనే అన్నం తిన్నాను. కడుపు గూర్చి మాట్లాడేటప్పుడు కాళ్ళ గూర్చి కూడా మాట్లాడమంటున్నాను.

తప్పు తయారుచేసేవాడి మీదే వేసి వూరుకోవటం కూడా నాకు ఇష్టం లేదు. మన కాలేజీలో చదివి కంపెనీల్లో కొనుగోలు శాఖల్లో కూర్చున్న పూర్వవిద్యార్థులు కొందరు ఈ సంచిక చదువుతారని తెలుసు. మీరు పంపే కాగితాల్లో ఒకే టేపు మంచులో అంటాలి, ఎండలో జారకూడదు, ఏడాది నిలవ వుండాలి, ధర కిందటేటి కన్నా తగ్గాలి అని వుంటుంది. మూడురోజుల్లో చించి పారేసే పెట్టెకు అవన్నీ దేనికి? అన్నిటికీ సరిపోయేది ఒకటే కావాలంటే తయారుచేసేవాడు మళ్ళీ హెక్సేన్ డ్రమ్ము దగ్గరికే వెళ్తాడు, మీకు మాత్రం చెప్పడు.

అన్నయ్య ఇప్పుడు పునరావాస కాలనీలో వుంటున్నారు. నడుస్తారు, మెట్లు దిగేటప్పుడు మాత్రం కిందికి చూసుకుని, పాదం ఎక్కడ పడిందో కంటితో తెలుసుకుని రెండో అడుగు వేస్తారు. కిందటి సంక్రాంతికి వెళ్ళినప్పుడు కొత్త రొయ్యల టేపు ముక్క చూపించాను. బొటనవేలితో ఒత్తి చూశారు. మళ్ళీ ఒత్తారు. "అంటుతోందా అన్నయ్యా?" అన్నాను. "చూట్టానికి అంటినట్టే వుంది తమ్ముడూ" అన్నారు.

ఈ వ్యాసం రాస్తున్న వారంలోనే ఒక ఆర్డరు వచ్చింది. ఎనభై డిగ్రీల వేడిలో నిలవాలి, తడిలో ఊడకూడదు, మామూలు పెట్టెల టేపు ధరకే ఇవ్వాలి. దేనికి వాడతారో రాయమని జవాబిచ్చాను. ఇంకా వాళ్ళ దగ్గర నుంచి ఏమీ రాలేదు.